నల్ల కుక్కలకు చాక్లెట్ రంగు పిల్లలు పుట్టాయి, తప్పు ఎవరిది?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. నాలుగు పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

ఆవిడ జూలీ అనే నల్ల లాబ్రడార్‌ను పెంచుతున్నారు. అక్కయ్య ఇంట్లో సీజర్ ఉంది, అదీ నల్ల లాబ్రడారే. రెండిళ్ళవాళ్ళూ మాట్లాడుకుని ఆ రెంటినీ జత కట్టించారు. పుట్టే పిల్లల్లో రెండు బావగారికి ఇవ్వాలని మాట. జూలీ 8 పిల్లల్ని పెట్టింది. 5 నల్లవి, 2 చాక్లెట్ రంగువి, ఒకటి లేత పసుపు.

బావగారు చూడటానికి వచ్చి, "మా సీజర్ నలుపు, మీ జూలీ నలుపు, మరి ఇవెక్కడివి? కుక్కను సరిగ్గా కనిపెట్టుకోలేదు మీరు" అన్నారట. సీజర్ వంశపత్రంలో మూడు తరాలూ నల్లవే. ఇంతకుముందు వేరే నల్ల కుక్కతో జత కట్టినప్పుడు పుట్టిన 6 పిల్లలూ నల్లవే. ఈ రెండూ ఆయన చూపించే సాక్ష్యాలు. తన వంతు పిల్లలు అక్కర్లేదని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి అక్కయ్య ఫోన్ చేయడం కూడా తగ్గించేశారు.

ఉత్తరం చివరి పేజీలో ఇంకొన్ని సంగతులున్నాయి. జూలీ ఎదలో ఉన్న రోజుల్లో ఒకసారి గేటు తెరిచి ఉండిపోయింది. 20 నిమిషాల పాటు అది బయటే ఉంది. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఒక స్నేహితురాలు వచ్చే ఈతలో తనకు చాక్లెట్ పిల్లే కావాలని అడిగింది, ఇస్తానని ఈవిడ మాటిచ్చేశారు. తన దగ్గర ఉంచుకున్న చాక్లెట్ ఆడపిల్లను పెద్దయ్యాక సీజర్‌తోనే జత కట్టిస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచిస్తున్నారు. వీటితో పాటు, ఈ మధ్య చేయించిన జన్యు పరీక్షలో జూలీ ఒక కంటి జబ్బుకు, అంటే పీఆర్‌ఏకి (ప్రోగ్రెసివ్ రెటినల్ అట్రోఫీ), క్యారియర్ అని, అంటే ఆ జబ్బు కాపీని లోపల మోస్తున్నదని వచ్చింది. పిల్లలకు ఇప్పుడు 10 వారాలు. మూడు వేరే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. "టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తప్పు నాదేనా?" అని అడిగారు.

---

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రంగు గురించి మూడు పేజీలు రాశారు, కంటి జబ్బు గురించి నాలుగు వాక్యాలు రాశారు. నాకైతే ఆ నాలుగు వాక్యాలే బరువుగా అనిపించాయి. అయినా మీ మనసును తొలిచేస్తున్నది రంగు గొడవ కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఆ లెక్క అర్థమైతే జబ్బు లెక్క దానంతట అదే అర్థమవుతుంది, ఎందుకంటే రెండూ ఒకే లెక్క.

రెండు నల్ల లాబ్రడార్లకు చాక్లెట్ పిల్లలు పుట్టవచ్చు. పసుపు పిల్లలూ పుట్టవచ్చు. మూడు రంగులూ ఒకే ఈతలో పుట్టవచ్చు. ఇందులో వింత ఏమీ లేదు.

ఎలాగో చెబుతాను. ప్రతి కుక్కలోనూ ఒక్కో జన్యువుకు రెండు కాపీలుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. లాబ్రడార్ రంగును ముఖ్యంగా రెండు జన్యువులు నడిపిస్తాయి. మొదటిది, ముదురు రంగు నల్లగా తయారవ్వాలా, చాక్లెట్‌గా తయారవ్వాలా అన్నది నిర్ణయిస్తుంది. ఇందులో నలుపు బహిర్గతం, చాక్లెట్ అంతర్గతం. బడిలో చదువుకున్న మాటలే ఇవి. ఒక్క నలుపు కాపీ ఉన్నా కుక్క నల్లగానే ఉంటుంది, పక్కనున్న చాక్లెట్ కాపీ పైకి కనిపించదు. కనిపించనంత మాత్రాన అది లేనట్టు కాదు. జూలీ తన పిల్లల్లో ఇంచుమించు సగం వాటికి ఆ చాక్లెట్ కాపీని అందిస్తుంది. సీజర్‌లోనూ అలాంటిదే ఒకటి దాగి ఉంటే, నాలుగు గళ్ళు గీసి చూడండి: ఒక గడిలో రెండూ నలుపు, రెండు గళ్ళలో ఒక నలుపు ఒక చాక్లెట్, నాలుగో గడిలో రెండూ చాక్లెట్. ఆ నాలుగో గడి పిల్లే చాక్లెట్ రంగులో పుడుతుంది.

రెండో జన్యువు పని వేరు. తయారైన ముదురు రంగును వెంట్రుకల్లోకి రానివ్వాలా వద్దా అన్నది దాని చేతిలో ఉంటుంది. "రానివ్వు" అనే కాపీ ఒక్కటున్నా చాలు, రంగు వస్తుంది. రెండు కాపీలూ "వద్దు" అనేవే అయితే ఒళ్ళంతా లేత పసుపు అవుతుంది, మొదటి జన్యువులో ఏమున్నా సరే. మీ పసుపు పిల్ల ముక్కు నల్లబడిందని రాశారు కదా. అంటే దాని లోపల నలుపు కాపీ కనీసం ఒకటుంది, వెంట్రుకల దాకా రాలేదంతే. ముక్కు గోధుమ రంగులో ఉండి ఉంటే లోపల రెండూ చాక్లెట్ కాపీలని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు మీ 8 పిల్లల్ని చూస్తే జూలీ లోపల ఏముందో ఏ పరీక్షా లేకుండానే తెలుస్తుంది. చాక్లెట్ పిల్లలు పుట్టాయి కాబట్టి చాక్లెట్ కాపీ ఒకటి ఉంది. పసుపు పిల్ల పుట్టింది కాబట్టి "వద్దు" కాపీ ఒకటి ఉంది. సీజర్ కూడా అలాగే రెండూ దాచుకున్నదైతే, సగటున 16 పిల్లల్లో 9 నలుపు, 3 చాక్లెట్, 4 పసుపు రావాలి. 8 పిల్లలకు అందులో సగం: నాలుగున్నర, ఒకటిన్నర, రెండు. మీకు వచ్చింది 5, 2, 1. ఇంతకంటే దగ్గరగా రావడం కష్టం.

బావగారి సాక్ష్యాల విషయానికి వద్దాం. ఆయన అబద్ధం చెబుతున్నారని నేననుకోను. కళ్ళకు కనిపించిన దాన్ని నమ్ముతున్నారు, చాలామంది అలాగే నమ్ముతారు. కానీ మూడు తరాలు నల్లగా ఉన్నంత మాత్రాన చాక్లెట్ లేదని చెప్పలేం. దాచుకున్న కుక్క, ఏమీ దాచుకోని నల్ల కుక్కతో జత కడితే పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. వాటిలో సగం వాటిలో ఆ కాపీ మళ్ళీ దాక్కునే ఉంటుంది. దాచుకున్న మరో కుక్క ఎదురయ్యే దాకా ఎన్ని తరాలైనా అది బయటపడకుండా సాగిపోవచ్చు. సీజర్‌కు ఎదురైన ఆ కుక్క జూలీ అయి ఉండవచ్చు.

ఇక ఆ 6 నల్ల పిల్లల మాట. అప్పటి తల్లి ఏమీ దాచుకోని కుక్క అయితే 6 కాదు, 60 పుట్టినా అన్నీ నల్లవే. దాన్నిబట్టి సీజర్ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. ఆ తల్లీ సీజరూ ఇద్దరూ చాక్లెట్ దాచుకున్నవే అనుకున్నా, 6 పిల్లల్లో ఒక్కటీ చాక్లెట్ రాకపోయే అవకాశం నూటికి సుమారు 18. అంటే ఇంచుమించు ఆరు ఈతల్లో ఒకటి అలా జరుగుతుంది. ఒకవేళ ఆ తల్లి చాక్లెట్ రంగుదై ఉండి, 6 పిల్లలూ నల్లగా పుట్టి ఉంటే, అప్పుడు బావగారి మాటకు చాలా బలం ఉండేది. ఎందుకంటే సీజర్ చాక్లెట్ దాచుకుని ఉంటే అలా జరిగే అవకాశం 64లో 1 మాత్రమే.

అనుమానించాల్సిన రంగులు వేరే ఉన్నాయి. తల్లీ తండ్రీ రెండూ చాక్లెట్ అయి మధ్యలో నల్ల పిల్ల పుడితే, ఆ నలుపు కాపీ ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగాల్సిందే. అంతర్గత లక్షణం తరాలు దాటి వస్తుంది, బహిర్గత లక్షణం మామూలుగా అలా దాటదు, తల్లిలోనో తండ్రిలోనో కనిపించి తీరాలి. మీ పిల్లల్లో దేనికైనా పొట్టి కాళ్ళున్నాయా, మూతి మీద గడ్డం, మీసంలా గరుకు వెంట్రుకలు మొలుస్తున్నాయా చూడండి. అవి బహిర్గత లక్షణాలు, లాబ్రడార్లలో ఉండవు. అలాంటివి కనిపిస్తే వేరే తండ్రి ఉన్నట్టే. కాస్త పొడుగు వెంట్రుకలు మాత్రం కంగారు పెట్టకూడదు, అది అంతర్గతం.

ఇంతవరకూ చెప్పింది మీకు ఊరటనిచ్చి ఉంటుంది. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ రంగులు సీజర్ తండ్రి కాదని చెప్పవు, అలాగని సీజరే తండ్రి అని రుజువూ చేయవు. గేటు బయట ఎదురైన కుక్క కూడా చాక్లెట్ దాచుకున్నదే కావచ్చు. పైగా కుక్కల్లో ఒకే ఈత పిల్లలకు ఇద్దరు తండ్రులు ఉండటం సాధ్యమే. ఆడకుక్క శరీరంలో వీర్యకణాలు కొన్ని రోజులు బతికి ఉంటాయి. ఎద రెండు మూడు వారాలుంటుంది. కాబట్టి ఆ 20 నిమిషాల్లో ఏం జరిగిందో రంగు చెప్పదు, నేనూ చెప్పలేను.

ఇక్కడ మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒకటి, గేటు సంగతి మీలోనే ఉంచుకుని, పై లెక్క కాగితం మీద గీసి బావగారికి చూపించడం. గొడవ అప్పటికి చల్లబడవచ్చు. కానీ ఉత్తరం చదివితే, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది బావగారి అనుమానం కంటే మీ అనుమానమే అనిపించింది. అది కాగితంతో పోదు. రెండోది, సీజర్ బుగ్గ లోపల స్వాబ్ తీసి రంగు జన్యువుల పరీక్ష చేయించడం. చాక్లెట్, పసుపు రెండూ దాచుకున్నదని వస్తే "నల్ల కుక్కకు ఇవెలా పుడతాయి" అన్న ప్రశ్న పోతుంది. చాక్లెట్ ఉండి పసుపు లేదని వస్తే, ఆ పసుపు పిల్ల దానిది కాదని తేలిపోతుంది. రెండూ లేవని వస్తే ఆ మూడు పిల్లలూ దానివి కావు. ఏ జవాబు వచ్చినా తట్టుకోగలిగితేనే ఈ పరీక్ష అడగండి. మూడోది, తల్లి, సీజర్, పిల్లల నమూనాలతో పితృత్వ పరీక్ష. ఇదొక్కటే అసలు ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. అయితే ఒక్క పిల్లను పరీక్షించి మిగతా వాటికీ అదే వర్తిస్తుందనుకోవద్దు, ఇద్దరు తండ్రుల సంగతి ఉంది కదా.

రెండోదైనా మూడోదైనా సీజర్ స్వాబ్ కావాలి, అంటే బావగారిని అడగాలి. అడిగే ముందే గేటు సంగతి చెప్పేస్తే ఆయనకు కోపం రావచ్చు, "నేను అన్నదే నిజం" అనవచ్చు. పరీక్ష అయ్యాక, ఫలితం మీకు వ్యతిరేకంగా వచ్చాక చెబితే, ముందే తెలిసి దాచారనే మాట జీవితాంతం ఉంటుంది. నేను మీ స్థానంలో ఉంటే ముందు అక్కయ్యతో చెబుతాను. గేటు తెరిచి ఉండిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగే పొరపాటు. దాన్ని మీరు నేరంలా మోస్తున్నారు.

మీ స్నేహితురాలికి ఇచ్చిన మాట గురించి. మళ్ళీ జూలీ, సీజర్‌లకే జత కట్టిస్తే, సీజర్ కూడా రెండూ దాచుకున్నదే అనుకుందాం, పుట్టే ప్రతి పిల్లా చాక్లెట్ అయ్యే అవకాశం 16లో 3. 8 పిల్లల్లో ఒక్కటీ చాక్లెట్ రాకపోయే అవకాశం నూటికి 19. కిందటి ఈతలో రెండు వచ్చాయి కాబట్టి ఈసారీ రావాలనీ లేదు, అప్పుడే వచ్చేశాయి కాబట్టి ఇక రావనీ లేదు. ప్రతి పిల్లకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866లో అచ్చువేసిన బఠానీ లెక్కల్లో గుండ్రటి గింజలు 5,474, ముడతల గింజలు 1,850. మూడుకు ఒకటి అన్న నిష్పత్తి అంత చక్కగా కనిపించడానికి 7,000 పైచిలుకు గింజలు కావలసి వచ్చాయి. 8 పిల్లలున్న ఒక్క ఈత ఆ నిష్పత్తికి కట్టుబడి ఉండదు. పసుపు కాపీ లేదని పరీక్షలో తేలిన చాక్లెట్ మగకుక్కతో జూలీని జత కడితే లెక్క మారుతుంది. సగటున సగం చాక్లెట్, సగం నలుపు, పసుపు రాదు. 8 పిల్లల్లో ఒక్క చాక్లెట్టూ రాకపోవడం 256లో 1 సారి. అప్పుడు కూడా "రావచ్చు" అనే చెప్పండి, "ఇస్తాను" అనకండి. అంతకంటే ముందు ఆ ఈత అసలు ఉండాలా అన్నది తేల్చుకోవాలి.

ఎందుకంటే ఇప్పుడు జబ్బు మాటకు వస్తున్నాను. మీ రిపోర్టులో ఉన్న రకం పీఆర్‌ఏ కూడా చాక్లెట్ రంగులాగే అంతర్గతం. రెండు చెడ్డ కాపీలు కలిసిన కుక్కకు కంటి వెనక పొర మెల్లగా పాడవుతుంది. ముందు చీకట్లో చూపు తగ్గుతుంది, తర్వాత పగలు కూడా, చివరికి చూపు పూర్తిగా పోతుంది. చికిత్స లేదు. పుట్టినప్పుడు ఏ తేడా కనిపించదు, పెద్దయ్యాక బయటపడుతుంది, అప్పటికే ఆ కుక్కకు పిల్లలు పుట్టి ఉండవచ్చు. జూలీకి ఒకటే చెడ్డ కాపీ ఉంది. అంటే ఈ జబ్బుతో దాని చూపు పోదు. క్యారియర్ అంటే రోగి కాదు, ఈ భయం మీరు పూర్తిగా వదిలేయవచ్చు.

కానీ సీజర్ సంగతి ఎవరికీ తెలియదు. సీజర్‌కు ఆ కాపీ లేకపోతే, పిల్లల్లో సగటున సగం జూలీలాగే క్యారియర్లు, ఒక్కదానికీ జబ్బు రాదు. సీజర్ కూడా క్యారియర్ అయితే, ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 4లో 1. చాక్లెట్ పిల్లకు గీసిన నాలుగు గళ్ళే ఇవీ, నాలుగో గడిలో ఈసారి రంగుకు బదులు చూపు ఉంది. రెండు నల్ల కుక్కలు దాచుకున్న రంగు పిల్లల్లో బయటపడటం మీరు కళ్ళారా చూశారు. జబ్బు కూడా అలాగే బయటపడుతుంది, రంగులా పుట్టిన రోజే మాత్రం కాదు.

అందుకే బావగారిని అడగాల్సిన మొదటి పరీక్ష రంగుది కాదు, ఇది. ఒక్క స్వాబ్‌తో రెండూ చేయించవచ్చు. "మీ సీజర్ పిల్లలా కాదా" అని మొదలుపెడితే మళ్ళీ పాత గొడవే అవుతుంది. "జూలీ రిపోర్ట్ ఇలా వచ్చింది, సీజర్‌దీ చూపిద్దాం, దాన్ని ఇంకెవరితోనైనా జత కట్టే ముందు మీకూ తెలిసి ఉండటం మంచిది" అని మొదలుపెడితే, అది ఆయన కుక్క మేలు కోసం చెప్పిన మాట అవుతుంది. ఆయన ఒప్పుకోకపోయినా దారి మూసుకుపోదు. పిల్లలనే పరీక్షించవచ్చు. ఈ పరీక్షకు వయసుతో పని లేదు, తండ్రి ఎవరన్నదానితోనూ పని లేదు. ఒక్క పిల్లలోనైనా రెండు చెడ్డ కాపీలు కనిపిస్తే దాని తండ్రిలో కనీసం ఒకటి ఉన్నట్టే.

జూలీకి ఇక పిల్లలు వద్దా అని అడిగారు. ఇక్కడే ఆపేసి ఆపరేషన్ చేయించడం ఒక దారి. జబ్బు పిల్లలు పుట్టే రిస్కు ఉండదు, మీ ఒంటి మీద ఈ లెక్కల బరువూ ఉండదు. ఆపకూడదనుకుంటే, ఆ కాపీ లేదని పరీక్షలో తేలిన మగకుక్కతో మాత్రమే జత కట్టించండి. అప్పుడు ఈ జబ్బున్న పిల్ల పుట్టదు, సగం మాత్రం క్యారియర్లు పుడతాయి. పిల్లల్ని తీసుకునేవాళ్ళకు రిపోర్ట్ చూపించాలి, రేపు వాళ్ళు తెలియక మరో క్యారియర్‌తో జత కట్టించకుండా. క్యారియర్లన్నిటినీ పెంపకం నుంచి తీసేయాలనే వాళ్ళున్నారు. నేను దానితో ఏకీభవించను. అలా ప్రతి జబ్బుకూ తీసేస్తూ పోతే మిగిలే కుక్కలన్నీ దగ్గరి చుట్టాలే అవుతాయి, అప్పుడు మనకు పేరు కూడా తెలియని వేరే కాపీలు జతపడతాయి. ఇంకొకటి, ఈ పరీక్ష ఒక్క రకం కంటి జబ్బుకే. తుంటి కీలు అరుగుదల లాంటివి ఈ నాలుగు గళ్ళ లెక్కకు లొంగవు. వాటి వెనక చాలా జన్యువులు, తిండి, బరువు అన్నీ ఉంటాయి. వాటికి ఎక్స్‌రే వేరుగా కావాలి.

చాక్లెట్ పిల్లను సీజర్‌తో జత కట్టించాలన్న ఆలోచన మాత్రం మానేయమనే చెబుతాను. సీజరే తండ్రి అయితే అది తండ్రీ కూతుళ్ళ జత. రంగు లెక్క ఆకర్షణీయంగానే ఉంటుంది, నిజమే. కానీ సీజర్ లోపల దాగిన ఏ చెడ్డ కాపీనైనా తీసుకోండి, పీఆర్‌ఏ కాకపోయినా సరే. అది కూతురికి వచ్చి ఉండే అవకాశం సగం, వచ్చి ఉంటే పిల్లల్లో రెండు కాపీలు కలిసే అవకాశం నాలుగో వంతు. కలిపితే 8లో 1. ప్రతి కుక్కలోనూ ఇలాంటివి కొన్ని దాగి ఉంటాయి, ఒక్కోదానికీ 8లో 1 చొప్పున లెక్కేసుకోండి. చాక్లెట్ పిల్ల కోసం అంత అవసరం లేదు, సంబంధం లేని మగకుక్క దొరుకుతుంది. సీజర్ తండ్రి కాదని తేలినా సరే, ఆ పిల్లకూ సీజర్‌కూ పీఆర్‌ఏ పరీక్ష కాకుండా ఆ జతకు ఒప్పుకోవద్దు.

తప్పు నాదేనా అని అడిగారు. గేటు మీ పొరపాటు. రంగులు ఎవరి తప్పూ కాదు. క్యారియర్ అని తెలియక జత కట్టించడం కూడా తప్పు కాదు, మీకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. వేరే ఇళ్ళకు వెళ్ళిన మూడు పిల్లల వాళ్ళకు ఇంకా తెలియదు. సీజర్ ఫలితం వచ్చేదాకా ఆగుదామనిపిస్తుంది, కానీ ఆగితే చెప్పడం రోజురోజుకూ కష్టమవుతుంది. తల్లి క్యారియర్ అని, పిల్లకు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదని, పరీక్ష చేయించే దాకా దాన్ని జత కట్టించవద్దని చెప్పండి. అడిగితే రిపోర్ట్ ఫోటో పంపండి. ఇంట్లో ఉన్న అయిదింటికి మీరే స్వాబ్ తీయవచ్చు. తీసే ముందు ఓ గంట సేపు ఏమీ తిననివ్వకండి, ఒకదాని గిన్నె ఒకటి నాకకుండా విడివిడిగా ఉంచండి, ప్రతి కవరు మీద ఏ పిల్లదో అప్పటికప్పుడే రాయండి. నల్ల పిల్లలు మూడూ ఒకేలా ఉంటాయి కాబట్టి ముందే మెడకు వేర్వేరు రంగుల దారాలు కట్టి పెట్టుకోండి.